ఎవరి మనసు చదవడానికి?

ఇంజనీరింగ్ సీటు ఎంచుకోవడానికి మన ఇళ్లలో ఒక పద్ధతి స్థిరపడిపోయింది. ర్యాంకు ఎంత, ఏ బ్రాంచి, ప్లేస్‌మెంట్లు ఎట్లా ఉన్నాయి, హాస్టల్ ఉందా. వీటికి జవాబు దొరికితే పెద్దవాళ్ల మనసు కుదుటపడుతుంది. అదే పిల్ల వచ్చి డిగ్రీలో సైకాలజీ చదువుతానంటే ఆ పద్ధతి అక్కరకు రాదు. ప్లేస్‌మెంట్ల పట్టిక ఉండదు. ఉన్నా దాంట్లో కనిపించే ఉద్యోగాలు చాలావరకు సైకాలజీకి సంబంధించినవి కావు. ర్యాంకులు ఉంటాయి గానీ అవి కాలేజీ మొత్తానికి ఇచ్చినవి, ఆ ఒక్క విభాగానికి ఇచ్చినవి కావు. ఇక మిగిలింది పేరు. పేరున్న ఊరు, పేరున్న కాలేజీ, చుట్టాలకు చెప్పుకోదగ్గ గేటు.

నేను హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను. మే, జూన్ నెలల్లో ఈ విషయం మీద తల్లిదండ్రుల ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఈసారి ఫోన్ చేసింది హన్మకొండ నుంచి మా అన్న. మేనకోడలు బైపీసీ చదివింది, డాక్టరీ వద్దని తనే తేల్చుకుంది, కేంద్ర యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశపరీక్ష సీయూఈటీ రాసింది. ముందున్న దారులు నాలుగు. స్కోరు కలిసొస్తే ఢిల్లీ యూనివర్సిటీ. బెంగళూరులో క్రైస్ట్ యూనివర్సిటీ. తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల దోస్త్‌లో పెట్టుకుంటే హైదరాబాద్‌లోనే మూడేళ్ల డిగ్రీ. లేదంటే గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ, అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ.

"చెల్లె, ఇంజనీరింగైతే నాకు తెలుసు. ఇదేంది నాకు తెల్వది. ఏది మంచిదో నువ్వే చెప్పు, పైసలు కట్టేస్త" అన్నాడు.

ఒక్క మాటలో చెప్పగలిగితే ఎంత బాగుండును. కానీ ఈ చదువు విషయంలో ఏది మంచి యూనివర్సిటీ అన్న ప్రశ్నకు ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉందని నాకు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిగా అనిపిస్తోంది. ఈ పిల్ల ఎవరి మనసు చదవబోతోంది? ఆ మనుషులకు ఏ కాలేజీ దగ్గరగా ఉంది, ఏది దూరంగా ఉంది? ఆ దూరాన్ని నేను కిలోమీటర్లలో లెక్కపెట్టడం లేదు.

అన్నకు ముందుగా చెప్పింది మాత్రం చాలా నేలబారు సంగతి. ఈ డిగ్రీ చేతికొచ్చినంత మాత్రాన ఎవరూ సైకాలజిస్టులు కారు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే డిగ్రీ తర్వాత పీజీ, ఆపైన ఆస్పత్రుల్లో అనుభవజ్ఞుల పర్యవేక్షణలో శిక్షణ, చివరకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో పేరు ఉండాలి. 1992లో చేసిన చట్టం ప్రకారం ఆ రిజిస్టరులో పేరు తప్పనిసరి. ఇన్నేళ్లుగా ఆ శిక్షణ రెండేళ్ల ఎంఫిల్ రూపంలో ఉండేది. బెంగళూరు నిమ్హాన్స్, రాంచీలోని కేంద్ర మనోరోగ సంస్థ దానికి పెద్ద పేర్లు. 2020 జాతీయ విద్యావిధానం ఎంఫిల్‌ను మొత్తంగా ఎత్తేయమన్నది. క్లినికల్ సైకాలజీకి మాత్రం కొంత గడువు ఇచ్చి, దాని చోట కొత్త కోర్సులు ప్రవేశపెడుతున్నారు. నాలుగేళ్ల బీఎస్సీ క్లినికల్ సైకాలజీ ఆనర్స్ అలా వచ్చిందే. ఇంకో మార్పు కూడా చాలా ఇళ్ల లెక్కలు తారుమారు చేసింది. 2025 జూలై, ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ సైకాలజీ చెప్పవద్దని యూజీసీ ఆదేశించింది. ఏదో ఒక డిగ్రీ చేసి, ఉద్యోగం చేసుకుంటూ ఇంట్లో కూర్చుని సైకాలజీ ఎమ్మే రాసేద్దామనుకున్నవాళ్లకు ఆ తలుపు మూసుకుపోయింది. కాబట్టి తరగతి గదిలో కూర్చుని చదివే ఈ మూడేళ్లకో నాలుగేళ్లకో ఇదివరకటికన్నా విలువ పెరిగింది.

బీఏనా, బీఎస్సీనా అని అన్న అడిగాడు. పీజీకి వెళ్లడానికి ఏదైనా సరిపోతుంది. దాని మీద నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

మరి ఆ మూడేళ్లలో ఏం జరగాలి? నా దృష్టిలో రెండు జరగాలి. మనుషుల గురించి తనకు తెలుసనుకున్నదాన్ని అనుమానించడం ఆ పిల్ల నేర్చుకోవాలి. ఎదుటి మనిషి చెప్పేది, ఆ మనిషి చెప్పే తీరులోనే వినడం నేర్చుకోవాలి. మొదటిది స్టాటిస్టిక్సూ ల్యాబూ నేర్పుతాయి. రెండోది ఊరు నేర్పుతుంది.

సైకాలజీ అంటే మాటలు, సానుభూతి అనుకుని వచ్చే పిల్లలకు మొదటి దెబ్బ స్టాటిస్టిక్స్ పేపరుతో తగులుతుంది. లెక్కలు తప్పించుకోవచ్చని ఇటు వచ్చినవాళ్లు స్టాండర్డ్ డీవియేషన్ దగ్గర బిక్కమొహం వేస్తారు. కొన్ని కాలేజీలు పిల్లల మీద జాలితో ఆ పేపరును పైపైన దాటించేస్తాయి. ఆ జాలి పిల్లలకు అన్యాయం చేస్తుంది. 2015లో సైన్స్ పత్రికలో ఒక నివేదిక వచ్చింది. మంచి పేరున్న సైకాలజీ జర్నళ్లలో అచ్చయిన 100 పరిశోధనలను వేర్వేరు బృందాలు మళ్లీ చేసి చూశాయి. మొదటిసారి వాటిలో 97 శాతం గణాంకపరంగా చెప్పుకోదగ్గ ఫలితం చూపించాయి. రెండోసారి అలాంటి ఫలితం వచ్చింది 36 శాతానికే. మనం పాఠ్యపుస్తకాల్లో తలవంచుకుని చదివిన కొన్ని ప్రయోగాలు ఆ తర్వాతి కాలంలో నిలబడలేదు, కొన్ని ఎంతో గట్టిగా నిలబడ్డాయి. ఏది ఎందుకు నిలబడిందో తెలుసుకునే కన్ను ఇవ్వని డిగ్రీ పిల్లలకు నమ్మకాలు నేర్పుతుంది, శాస్త్రం నేర్పదు. అందుకే మేనకోడలికి చెప్పాను: నువ్వు చూస్తున్న ప్రతి సిలబస్‌లోనూ స్టాటిస్టిక్స్, పరిశోధనా పద్ధతులు ఎన్ని సెమిస్టర్లు ఉన్నాయో చూడు. చివర్లో సొంతంగా చేసే ప్రాజెక్టు ఉందో లేదో చూడు. ఆ రెండూ లేకపోతే ఆ ఊరి వాతావరణం ఎంత బాగున్నా పక్కన పెట్టు.

ల్యాబ్ సంగతి కూడా అంతే. సైకాలజీకి ల్యాబ్ ఏమిటని ఇప్పటికీ అడుగుతారు. 1879లో లైప్‌జిగ్‌లో వుంట్ ప్రయోగశాల పెట్టడంతోనే ఈ శాస్త్రం తత్వశాస్త్రం నుంచి విడిపడి సొంత ఇల్లు కట్టుకుంది. మా ల్యాబ్‌లో అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించే పరికరం ఉంది. చేతిని నేరుగా చూడటానికి వీల్లేదు, అద్దంలో ప్రతిబింబం చూస్తూ గీత మీదే పెన్సిల్ నడపాలి. మొదటిసారి ఎంత తెలివైనవాళ్లకైనా చెయ్యి ఎదురు తిరుగుతుంది. పదోసారికి తప్పులు సగం పడిపోతాయి. ఎలా నేర్చుకున్నావని అడిగితే ఎవరూ చెప్పలేరు. తెలియకుండానే నేర్చుకుంటామన్న సంగతి పుస్తకంలో చదివినవాళ్లకూ, తమ చెయ్యి తమకు అబద్ధం చెప్పడం కళ్లారా చూసినవాళ్లకూ మధ్య తేడాను నేను ఏటా చూస్తున్నాను. చాలా చోట్ల ఈ పరికరాలు బీరువాలో తాళం కింద ఉంటాయి, రికార్డులు సీనియర్ల దగ్గర్నుంచి కాపీ అవుతాయి. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ఆడిటోరియం చూపిస్తామంటారు. ల్యాబ్ చూపించమని అడగాలి. బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కునే పరిస్థితి ఉంటే, అక్కడ ప్రాక్టికల్స్ ఎట్లా జరుగుతున్నాయో వేరే అడగనక్కర్లేదు.

పేర్ల గురించి కూడా నిదానంగా ఆలోచించాలి. ఢిల్లీ యూనివర్సిటీలో లేడీ శ్రీరామ్ కాలేజీకి ఉన్న గిరాకీ వేరు, జాకిర్ హుసేన్ కాలేజీకి ఉన్న గిరాకీ వేరు. కానీ రెండు చోట్లా సైకాలజీ ఆనర్స్ సిలబస్ ఒక్కటే, పట్టా ఇచ్చే యూనివర్సిటీ ఒక్కటే. తేడా ఉండేది పక్కన కూర్చునే పిల్లల్లో, పాఠం చెప్పే మనిషిలో. అది చిన్న తేడా అనను. అయితే సీటు రాలేదని ఏడ్చేంత తేడా కూడా కాదు.

విభాగాలకు కూడా స్వభావాలుంటాయి. దేశంలో మొదటి సైకాలజీ విభాగం 1916లో కలకత్తాలో మొదలైంది. ప్రయోగాలూ ఫ్రాయిడూ రెండూ ఆ ఒక్క చోటే ఇల్లు చేసుకున్నాయి. మైసూరులో ఎం.వి. గోపాలస్వామి 1924లో విభాగం పెట్టాడు. ఆయనే 1935లో సొంత ఇంట్లో రేడియో స్టేషన్ నడిపి దానికి ఆకాశవాణి అని పేరు పెట్టాడు. మన ఆంధ్రా యూనివర్సిటీలో కోనేరు రామకృష్ణారావు వల్ల సైకాలజీతో పాటు పారాసైకాలజీ, అంటే అతీంద్రియ శక్తుల అధ్యయనం, కూడా చేరింది. దేశంలో మరెక్కడా లేని ఆ కలయిక ఒక మనిషి ఆసక్తి వల్ల ఏర్పడింది. గోడలు, చెట్లు, కట్‌ఆఫ్ మార్కుల కన్నా ఆ మనుషులు ముఖ్యం. ఇప్పుడు అక్కడ పాఠాలు చెప్పేవాళ్లు ఎవరు, వాళ్లు ఈ అయిదారేళ్లలో ఏం అధ్యయనం చేశారు, వాళ్లలో ఎంతమంది పర్మినెంటు, ఎంతమంది గెస్ట్ ఫ్యాకల్టీ? ఏడాదికోసారి మారిపోయే గురువు దగ్గర ప్రాజెక్టు ఎవరు చేయగలరు?

స్టాటిస్టిక్స్, ల్యాబ్, గురువుల గురించి నేను చెప్పింది ఏ దేశంలో సైకాలజీ చదివే పిల్లకైనా వర్తిస్తుంది. బ్రిటన్ వెళ్తే ఆ కోర్సుకు బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి, అంతే తేడా. మన పిల్లలకు మాత్రమే ఎదురయ్యే ప్రశ్న ఊరికి సంబంధించినది. ఊరు ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఒక పాత సంగతి.

1934 జనవరి 15న బిహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. పట్నాలో జమునా ప్రసాద్ అనే సైకాలజిస్టు ఆ రోజుల్లో జనం చెప్పుకుంటున్న పుకార్లను పోగుచేశాడు. ప్రకంపనలు తెలిశాయి గానీ ఇళ్లు కూలని చోట్ల పుట్టిన పుకార్లవి. ఆశ్చర్యమేమిటంటే వాటిలో ఎక్కువ భాగం ఊరటనిచ్చేవి కావు, ఇంకా ఘోరమైనది రాబోతోందని చెప్పేవి. ఆయన 1935లో ఆ సంగతి ఒక బ్రిటిష్ జర్నల్‌లో రాశాడు. తర్వాత డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడి నిజంగానే విధ్వంసం జరిగినప్పుడు దుర్గానంద్ సిన్హా అనే మరో సైకాలజిస్టు అక్కడి మాటలు సేకరించాడు. అక్కడ అలాంటి భయంకరమైన జోస్యాలు పుట్టలేదు. ఈ తేడా అమెరికాలో లియాన్ ఫెస్టింగర్ అనే సైకాలజిస్టును వెంటాడింది. కారణం కనిపించని భయం మనసులో ఉన్నప్పుడు, ఆ భయానికి సరిపోయే కారణాన్ని జనమే కల్పించుకుంటున్నారా? 1957లో అచ్చయిన కాగ్నిటివ్ డిసొనెన్స్ (ఒకదానితో ఒకటి పొసగని ఆలోచనల వల్ల మనసు పడే ఇబ్బంది) సిద్ధాంతానికి మొదటి సూచన అక్కడే దొరికిందని ఆయనే తన పుస్తకంలో చెప్పాడు. ఇరవయ్యో శతాబ్దపు సోషల్ సైకాలజీలో అంతకన్నా ప్రసిద్ధమైన సిద్ధాంతం అరుదు. దాని విత్తనం బిహార్ వీధుల్లో, అక్కడి జనం మాటల్లో దొరికింది. నేను ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లలు ఫెస్టింగర్ పేరు రాసుకుంటారు. ప్రసాద్ పేరు కూడా రాసుకోమని ప్రతి ఏడూ అడుగుతాను.

ఇంకా దగ్గరి సంగతి ఒకటి. హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బుతో వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించి 2013లో న్యూరాలజీ పత్రికలో ప్రచురించింది. వారిలో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష వచ్చినవాళ్లతో పోలిస్తే వాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయి. కెనడాలో ఇలాంటి అధ్యయనాలు అంతకుముందే వచ్చాయి. కానీ అక్కడ రెండు భాషలు వచ్చినవాళ్లలో చాలామంది వలస వెళ్లినవాళ్లు. ఆలస్యానికి కారణం భాషా, వలసా, చదువా అని విడదీయడం కష్టం. హైదరాబాద్‌లో బడి గడప తొక్కనివాళ్లు కూడా ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ మాట్లాడతారు. చదువురాని వాళ్లలోనూ ఆ తేడా కనిపించేసరికి ప్రపంచం ఈ అధ్యయనాన్ని శ్రద్ధగా చూసింది. ఆ వాదన ఇంకా ముగియలేదు, ముగియనక్కర్లేదు. నాకు ముఖ్యమైంది, ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి లోకంలో మంచి చోటు మన ఊరే కావడం.

జెఫ్రీ ఆర్నెట్ అనే సైకాలజిస్టు 2008లో అమెరికా జర్నళ్లను లెక్కగట్టి చూపించాడు. వాటిలో పరిశోధనకు తీసుకున్న మనుషుల్లో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్లు. ప్రపంచ జనాభాలో ఆ దేశాల వాటా 12 శాతం. మిగతా మానవజాతి గురించి మనం ఊహిస్తున్నామన్నమాట. మన దేశం లోపల కూడా అంతే. 2015–16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని, చాలా జబ్బులకు నూటికి డెబ్బై మందికి పైగా చికిత్సే అందడం లేదని చెప్పింది అదే. ఆ 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. ఇద్దరు తెలుగువాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఒకరు అడిగితే ఒకరు చెప్పవలసిన సంగతులు అన్ని ఏళ్లు అలా మిగిలిపోయాయి.

అయితే తెలుగు పిల్లలందరూ తెలుగు నేలలోనే చదవాలని నేను అనడం లేదు. ఢిల్లీ హాస్టల్లో మణిపూర్ అమ్మాయితో, ఒడిశా అమ్మాయితో ఒకే గదిలో మూడేళ్లు గడిపిన పిల్లకు, అందరి మనసూ తన మనసులా పనిచేయదని ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. ఇంటికి దూరంగా ఒంటరితనం అంటే ఏమిటో తెలిసిన మనిషి రేపు ఒంటరివాళ్ల ఎదుట వేరేలా కూర్చుంటుంది. అక్కడి తరగతిలో చర్చ నడిచే వేగం, వెంటపడి చదివే పిల్లల సాంగత్యం, పెద్ద లైబ్రరీ, ఇవన్నీ నిజమైన లాభాలు. క్రైస్ట్ లాంటి చోట క్రమశిక్షణా ఇంటర్న్‌షిప్‌ల ఏర్పాటూ బాగుంటాయని అక్కడ చదివిన మా పాత విద్యార్థులు చెబుతారు. కాకపోతే ఫీజు, హాస్టల్ కలిపి లక్షల్లో వెళ్లే చోట అన్న అప్పు చేయవలసి వస్తే, పీజీకి డబ్బు మిగలదు. ఈ చదువు పీజీతోనే పండుతుంది. డబ్బంతా మొదటి మెట్టు మీదే పోసేయడం నాకు సమ్మతం కాదు.

హైదరాబాద్‌లో ఉంటే దొరికేవి వేరు. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది. సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ కేంద్రం పక్కనే న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉంది. ఇవి సిటీ బస్సు ఎక్కితే చేరుకోగల చోట్లు. డిగ్రీ పిల్లలకు అక్కడ పెద్ద పనులు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కానీ పరీక్షలు జరిగేటప్పుడు ఓ మూల కూర్చుని చూసే అవకాశం దొరికినా చాలు. ఒక తల్లి తన బాబు గురించి ఏం దాస్తుందో, ఎందుకు దాస్తుందో, ఏ ప్రశ్న దగ్గర అత్తగారి వైపు చూస్తుందో ఆ మూల నుంచి కనిపిస్తుంది. దానికి ఆ తల్లి భాష మాత్రమే కాదు, ఆ ఇంటి వరసలు తెలియాలి.

సెంట్రల్ యూనివర్సిటీ కోర్సు మీద నాకున్న సందేహం ఒక్కటే. పద్దెనిమిదేళ్లకే అయిదేళ్ల దారి, అదీ హెల్త్ సైకాలజీ అని నిర్ణయించుకోవడం తొందరేమో. పిల్లల చదువు మీదో, కంపెనీల్లో మనుషుల తీరు మీదో రేపు ఆసక్తి పుట్టవచ్చు. మేనకోడలు మాత్రం ఒప్పుకోలేదు. "అత్తా, డాక్టరు వద్దన్నా గానీ ఆస్పత్రి వద్దనలేదు కదా" అంది. ఆ జవాబు విన్నాక నేను వాదించలేదు. ఆ పిల్లకు ఎక్కడ నిలబడాలో తెలుసు.

తారీఖుల చిక్కు మాత్రం అందర్నీ వేధించేదే. దోస్త్ విడతలు ముందు నడుస్తాయి. ఢిల్లీ సీట్ల కేటాయింపు ఆ తర్వాతెప్పుడో తేలుతుంది. ప్రైవేటు యూనివర్సిటీలు అంతకన్నా ముందే ఫీజు అడుగుతాయి. పిల్ల మనసు కుదరకముందే తండ్రి చేత డబ్బు కట్టించే ఏర్పాటు ఇది. దీన్ని సరిదిద్దమని అడగవలసినవాళ్లం మనమే. అన్నకు నేను చెప్పింది, దోస్త్ సీటు చేతిలో పెట్టుకుని మిగతావాటి కోసం ఆగమని. సెంట్రల్ యూనివర్సిటీ మొదట, ఢిల్లీ తర్వాత, ఏదీ రాకపోతే ఇక్కడి మూడేళ్ల డిగ్రీ. ఆ వరస మేనకోడలు రాసుకున్నదే. ఆ చివరిది కూడా ఓటమి కాదని అన్నకు రెండుసార్లు చెప్పాను.

ఈలోగా ఆ పిల్ల ఖాళీగా లేదు. నిమ్స్ అధ్యయనం గురించి విన్నప్పటి నుంచి, మా అమ్మ వయసువాళ్లు వీధిలో ఎవరెవరు ఎన్ని భాషలు, ఏ వయసు నుంచి మాట్లాడుతున్నారో రాసుకుంటానంటోంది. అనుమతి పత్రం లేకుండా ఎవర్నీ ఏమీ అడగవద్దన్నాను. చదువు మొదలు కాకముందే పాటించవలసిన నియమం అది. ఇద్దరం కలిసి ఆ పత్రాన్ని తెలుగులో రాస్తున్నాం. మీకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా ఆపేయవచ్చు అనే వాక్యం దగ్గర తను ఆగింది. పక్కింటి పెద్దావిడ ఎంత ఇబ్బందైనా మొహమాటానికి కాదనదు, కోడలు పక్కనుంటే అసలే అనదు, మరి ఆ వాక్యం రాసి ఏం లాభం అని అడిగింది. ఆ ప్రశ్నకు పాఠ్యపుస్తకంలో జవాబు లేదు. చివరికి తనే ఒక మార్గం రాసింది: ఆవిడను ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి, అడిగిన రోజే మొదలుపెట్టకూడదు, మర్నాడు ఆవిడ తనంతట తను పిలిస్తేనే వెళ్లాలి.